హంతకుడికి చోటివ్వని పుస్తకం

శవ పంచనామా కాగితం ఒక్కసారైనా చదివినవాళ్లకు ఈ సంగతి తెలిసే ఉంటుంది. అందులో చావు గురించి ఉండేది తక్కువ, బతుకు గురించి ఉండేదే ఎక్కువ. చీర ఏ రంగు, జాకెట్టు ఏ రంగు, కాలికి మెట్టెలున్నాయా, చేతిమీద పచ్చబొట్టు ఉంటే ఏ పేరు, కొంగున ఏం ముడేసుకుంది, చేతిసంచిలో ఏమున్నాయి. ఊళ్లోంచి పిలిపించిన పంచాయతీదారులు చుట్టూ కూర్చుని ఉంటే పోలీసులు ఒక్కొక్కటే చూపించి, రాయించి, కింద సంతకాలు, వేలిముద్రలు తీసుకుంటారు. పెద్దారవీడు నుంచి విలేకరిగా వార్తలు పంపిన రోజుల్లో అలాంటి కాగితాలు నేను చాలానే చూశాను. చూసి, అందులోంచి నాలుగు లైన్లకు సరిపడా ఏరుకునేవాణ్ణి: వయసు, ఊరు, కారణం. కారణం తెలియకపోతే ‘వివాహేతర సంబంధమే కారణమని భావిస్తున్నారు’ అనే వాక్యం ఎప్పుడూ సిద్ధంగా ఉండేది. భావిస్తున్నది ఎవరో డెస్కువాళ్లు అడగలేదు, నేను చెప్పలేదు. కొంగుముడి సంగతి ఏ రోజూ వార్తలోకి ఎక్కలేదు.

హేలీ రూబెన్‌హోల్డ్ రాసిన ‘ది ఫైవ్’ చదువుతున్నంతసేపూ ఆ కాగితాలే కళ్లముందు కదిలాయి. 2019లో వచ్చిన ఇంగ్లిష్ పుస్తకం ఇది. ఆ ఏడే బ్రిటన్‌లో కథేతర రచనలకిచ్చే బెయిలీ గిఫర్డ్ బహుమతి దీనికి దక్కింది. 1888 ఆగస్టు 31 నుంచి నవంబరు 9 దాకా, సరిగ్గా పది వారాల్లో, లండన్ తూర్పున వైట్‌చాపెల్ చుట్టుపక్కల అయిదుగురు ఆడవాళ్లను ఎవరో గొంతుకోసి చంపారు. చంపినవాడు దొరకలేదు. వాడికి ‘జాక్ ద రిప్పర్’ అనే పేరు మాత్రం మిగిలింది. ఆ పేరు కూడా ఒక వార్తాసంస్థకు సెప్టెంబరు 25 తేదీ వేసి వచ్చిన ఎర్రసిరా ఉత్తరంలోది. దాన్ని రాసింది పత్రికలవాడేనని అప్పటి పోలీసు అధికారులే కొందరు తర్వాత చెప్పారు. చంపినవాడికి పేరు పెట్టిందీ, ఊరంతటికీ నిద్ర లేకుండా చేసిందీ చాలావరకు మా వృత్తివాళ్లేనన్నమాట. ఈ మాట రాయడం నాకు తేలిక కాదు.

అప్పటినుంచి ఆ హంతకుడెవరో తేలుస్తామంటూ వచ్చిన పుస్తకాలకు ఒక బీరువా కాదు, ఒక గది కూడా చాలదు. డాక్టరన్నారు, కసాయన్నారు, బారిస్టరన్నారు, రాణి మనవడని కూడా అన్నారు. ఆ చోట్లన్నీ తిప్పి చూపించే నడక యాత్రలు టిక్కెట్టు పెట్టి ఇప్పటికీ సాగుతున్నాయి. రూబెన్‌హోల్డ్ ఈ గదిలోకి అడుగే పెట్టలేదు. తన పుస్తకంలో ఆమె హంతకుణ్ణి వెతకదు, ఊహించదు, వాడి మీద ఒక్క అధ్యాయం కూడా ఖర్చుపెట్టదు. ఇంకా గట్టి పని ఏమిటంటే, హత్యల్ని వర్ణించదు. ఒక్క గాయం కూడా లెక్కపెట్టదు. అయిదుగురి పేర్లతో అయిదు భాగాలు: పాలీ, ఆనీ, ఎలిజబెత్, కేట్, మేరీ జేన్. ఒక్కో భాగం ఆ మనిషి పుట్టిన చోట మొదలవుతుంది, ఆఖరి రాత్రి గుమ్మం దాకా వచ్చి ఆగుతుంది. మళ్లీ తెరిచేసరికి శవాన్ని గుర్తుపట్టడానికి వచ్చిన తండ్రి నిలబడి ఉంటాడు, భర్త నిలబడి ఉంటాడు. మధ్యలో జరిగినదానికి పేజీ లేదు.

ఇది సున్నితత్వం కోసం చేసిన పని అనుకుని మొదట పైపైన దాటేశాను. రెండోసారి చదివినప్పుడు తెలిసింది, పుస్తకం మొత్తం నిలబడింది ఈ ఖాళీ మీదే. హత్య ఉన్న కథలో చదివేవాడి కన్ను ముందే అక్కడికి పరిగెత్తుతుంది. పెళ్లి, పిల్లలు, అద్దె, జబ్బు అన్నీ హత్యకు దారితీసే మెట్లుగా మారిపోతాయి. ఆ మెట్ల చివర ఏమీ పెట్టకపోతే కన్ను పరుగు మానేస్తుంది. అప్పుడు అద్దె అద్దెలా కనబడుతుంది. జబ్బు జబ్బులా కనబడుతుంది.

ఇది ఎక్కడో ఇంగ్లండులో జరిగిన పాత కథ అనిపించేవాళ్లకు ఒక్క మాట. 2008లో ఒంగోలు చుట్టుపక్కల జాతీయ రహదారి మీద ఇనుము లోడుతో వెళ్తున్న లారీలు మాయమయ్యాయి. అధికారుల వేషంలో బండి ఆపడం, డ్రైవర్నీ క్లీనర్నీ తాడు బిగించి చంపడం, పూడ్చిపెట్టడం, సరుకు అమ్ముకోవడం, లారీని ముక్కలు చేయడం. 2021 మేలో ఒంగోలు కోర్టు పన్నెండుమందికి ఉరిశిక్ష వేసింది. ముఠా పేరు మన వైపు టీకొట్టు దగ్గర ఎవరినడిగినా చెబుతారు, మున్నా గ్యాంగ్ అని. చనిపోయిన డ్రైవర్లలో ఒక్కరి పేరు చెప్పమని అడిగి చూడండి. నేను అడిగి చూశాను. నన్ను నేను కూడా ప్రశ్నించుకున్నాను. లోడు ఎన్ని టన్నులో గుర్తున్నవాళ్లు దొరికారు.

పుస్తకం 1887తో మొదలవుతుంది, హత్యలకు ఏడాది ముందు. ఆ ఏడు విక్టోరియా రాణి గద్దెనెక్కి యాభై ఏళ్లయిన పండుగ. అదే లండన్ నడిబొడ్డున ట్రఫాల్గర్ చౌకులో ఇల్లు లేనివాళ్లు వందలమంది రాళ్లమీద పడుకుంటున్నారు. నవంబరు 13న అక్కడ నిరసనకారుల మీద పోలీసులు, గుర్రపు దళం విరుచుకుపడ్డారు. రూబెన్‌హోల్డ్ ఈ రెండు దృశ్యాల్నీ పక్కపక్కన పెట్టి, ఆ రాళ్లమీద పడుకున్నవాళ్లలో ఒకరిని వేలుపెట్టి చూపిస్తుంది. ఆమే పాలీ.

పాలీ భాగంలోనే రచయిత్రి చేతిపని అందరికంటే బాగా కనబడుతుంది. అందుకే అక్కడ కొంచెం ఎక్కువసేపు కూర్చుందాం.

మేరీ ఆన్ నికల్స్, ఇంట్లో పాలీ. 1845లో ఫ్లీట్ వీధి పక్క సందుల్లో పుట్టింది. తండ్రి కమ్మరి. ఆ వీధంతా అచ్చు యంత్రాల వీధి, పత్రికల వీధి. పెళ్లాడింది కూడా ప్రింటింగ్ పనివాణ్ణే. రాత్రీ పగలూ అచ్చు మోత మధ్య పెరిగిన పిల్లకు చదువొచ్చు. ఈ సంగతి రచయిత్రి ఊరికే చెప్పి వదలదు. పాలీ బతుకు చివర్లో తండ్రికి రాసిన ఒక ఉత్తరం మిగిలింది, దాన్ని మనం చదివేనాటికి ఈ పిల్ల అక్షరాల మధ్య పెరిగిందని గుర్తుండేలా ముందే నాటి ఉంచుతుంది. 1888లో ఆమె గొంతు కోసిన వార్త అచ్చయింది కూడా ఆ వీధిలోనే. రచయిత్రి దీన్ని ఎత్తి చూపించి కన్నీళ్లు అడగదు. చదివేవాడే ఎక్కడో ఆగిపోతాడు.

1876లో పాలీ దంపతులకు పీబాడీ ఇళ్లలో చోటు దొరికింది. జార్జ్ పీబాడీ అనే అమెరికా వ్యాపారి లండన్ పేదల కోసం ఇచ్చిన సొమ్ముతో కట్టిన ఇళ్లవి. అవి అందరికీ ఇచ్చేవాళ్లు కారు. యజమాని మంచివాడని చెప్పాలి, జీతం ఇంత అని చూపించాలి, నడవడి బాగుండాలి. అంటే ఆ సంస్థ దస్త్రంలో పేరు ఎక్కడమే ఒక యోగ్యతా పత్రం. ‘వైట్‌చాపెల్ వేశ్య’ అని నూటముప్పై ఏళ్లు ఒకే మాటగా చెప్పుకుంటూ వచ్చిన మనిషి, మర్యాదస్తులకు మాత్రమే ఇచ్చే ఇంట్లో భర్తతో, పిల్లలతో ఏళ్ల తరబడి కాపురం చేసిందని చెప్పడానికి రచయిత్రి వాదించలేదు. ఆ చిట్టా తీసి ముందు పెట్టింది, అంతే.

1880లో కాపురం చెడింది. పొరుగింటావిడతో అల్లుడికి సంబంధం ఉందన్నాడు పాలీ తండ్రి. పెళ్లాం తాగుడే కారణమన్నాడు భర్త. రూబెన్‌హోల్డ్ రెండూ చెప్పి, ఆ పొరుగింటావిడే తర్వాత ఆ ఇంటి ఇల్లాలైన సంగతి కూడా దస్త్రంలోంచి తీసి చూపిస్తుంది. విడిపోయిన భార్యకు వారానికి అయిదు షిల్లింగులు. 1882లో అదీ ఆగిపోయింది, ఆమె మరొకరితో ఉంటోందని భర్త నిరూపించాడు కనుక. భర్త మరొకరితో ఉంటే చట్టం అంత గట్టిగా అడగదు. ఆ తర్వాత పాలీ బతుకంతా వర్క్‌హౌసుల రిజిస్టర్లలో ఉంటుంది. లోపలికి, బయటికి, మళ్లీ లోపలికి.

వర్క్‌హౌస్ అనే మాటకు మనకు సరైన మాట లేదనుకున్నాను. చివరికి ధాత కరువు గుర్తొచ్చింది. 1876 నుంచి 78 దాకా మన ప్రాంతాన్ని ఊడ్చిపెట్టిన కరువు. మార్కాపురం, కంభం తాలూకాలు అప్పుడు కర్నూలు జిల్లాలోవి. మద్రాసు ప్రెసిడెన్సీలో ఆ కరువు బాగా కొరికిన జిల్లాల్లో కర్నూలు ఒకటి. కరువు పనులకొచ్చిన మగమనిషికి రోజుకు ఒక పౌను గింజలు, ఒక అణా చాలని రిచర్డ్ టెంపుల్ దొర 1877లో కొలిచాడు. సాయం తియ్యగా ఉంటే జనం పని మానేస్తారనీ, అందుకే దాన్ని చేదుగా ఉంచాలనీ ఆ లెక్క. లండన్ వర్క్‌హౌసులో కూడా అదే లెక్క. మొగుడూ పెళ్లాలను వేరుచేస్తారు, పిల్లలను వేరుచేస్తారు, వాళ్లిచ్చిన గుడ్డలు కట్టుకుని పాత నారతాళ్లు గోళ్లతో విప్పి పీచు తీస్తూ కూర్చోవాలి. రాత్రి తలదాచుకునే కాజువల్ వార్డయితే 1882 చట్టం తర్వాత మరీ. ఒక రాత్రి పడుకుని పొద్దున్నే కూలికి పోదామంటే కుదరదు, మర్నాడంతా పని చేసి ఇంకో రాత్రి ఉండి తీరాలి. కాబట్టి మర్నాడు ఎక్కడైనా పని దొరుకుతుందన్న ఆశ ఉన్నవాళ్లు వీధిలో పడుకుంటారు. ఆ ఆడవాళ్లు అంత రాత్రప్పుడు వీధిలో ఏం చేస్తున్నారని అడిగేవాళ్లకు ఇంతకంటే సూటి జవాబు నాకు ఎక్కడా దొరకలేదు. సుంకేసుల ప్రాజెక్టు నీళ్లొస్తాయని ఎదురుచూసి, చూసి, పిల్లల్ని ముసలివాళ్ల దగ్గర వదిలి హైదరాబాదు, బెంగళూరు పనులకు పోయిన మన ఊళ్లవాళ్లు కట్టడాల కింద, ఫ్లైఓవర్ల కింద ఎందుకు పడుకుంటారో ఎవరూ అడగరు. అక్కడ ఏదైనా జరిగితే మాత్రం అడుగుతారు.

1888 వేసవిలో పాలీకి ఒక ఇంట్లో పనిమనిషిగా చోటు దొరికింది. అప్పుడు తండ్రికి రాసిందే ఆ ఉత్తరం. ఇల్లు బాగుందని, యజమానులు దైవభక్తులని, తోట ఉందని రాసింది. రెండు నెలలకు ఆ ఇంటి బట్టలు కొన్ని పట్టుకుని చెప్పకుండా వెళ్లిపోయింది. రూబెన్‌హోల్డ్ దీన్ని దాచదు, క్షమించమని కూడా అడగదు. ఆగస్టు 30 రాత్రి సత్రంలో మంచానికి నాలుగు పెన్నీలు లేవు. నాలుగు పెన్నీలు. ఈ అంకె పుస్తకంలో మళ్లీ మళ్లీ వస్తుంది, ప్రతిసారీ ఇంకొంచెం బరువుగా.

ఆనీ చాప్‌మన్ భాగం నన్ను అంత పట్టుకోలేదు, కానీ అందులో ఒక ఫొటో ఉంది. 1869లో పెళ్లినాటిది. గౌనులో ఆనీ, పక్కన కోచ్‌మన్ భర్త, ఇద్దరూ కెమెరా వైపు కదలకుండా. ఆనీ తండ్రి రాజాశ్వదళ సైనికుడు. ఆనీ కాపురం విండ్సర్ దగ్గర ఒక ధనవంతుడి ఎస్టేటులో. చేతిలో పైసా లేని దశకు ఆమెను దించింది తాగుడు. రచయిత్రి దాన్ని పాపం అనదు, జబ్బుగా రాస్తుంది. పుట్టిన పిల్లలు ఎందుకు చనిపోయారో, ఎందుకు అవిటివాళ్లయ్యారో ఆ జబ్బుకే కలిపి చూపిస్తుంది. 1882లో పన్నెండేళ్ల కూతురు మెదడుపొర వాపుతో పోయింది. ఆ ఏడే ఆనీ తాగుడు మానిపించే ఆశ్రమంలో చేరి ఏడాది ఉంది. ఉంది, బాగుపడింది, ఇంటికొచ్చింది, మళ్లీ తాగింది. మన ఊళ్లో సారా మానలేక పోయినవాళ్ల ఇళ్లు తెలిసినవాళ్లకు ఈ నాలుగు మెట్లూ తెలుసు. ఆనీ చనిపోయేనాటికే ఊపిరితిత్తుల జబ్బు ముదిరిపోయి ఉందని శవపరీక్ష చేసిన డాక్టరు చెప్పాడు.

ఎలిజబెత్ స్ట్రైడ్ దగ్గర రచయిత్రికి వేరే చిక్కు. ఈమె స్వీడన్ పిల్ల. గోథెన్‌బర్గ్ పక్కన పల్లెలో రైతు ఇంట్లో 1843లో పుట్టింది. పట్నానికి ఇంటిపనికి వెళ్లింది, గర్భం వచ్చింది, పోలీసులు ఆమె పేరును వేశ్యల రిజిస్టర్లో ఎక్కించారు. 97వ నంబరు. ఒకసారి ఎక్కితే వారం వారం పరీక్షకు హాజరవ్వాలి, మామూలు పనిలోకి ఎవరూ పెట్టుకోరు. ఒకావిడ తన ఇంట పనికి కుదుర్చుకుని పూచీ పడ్డాకే పేరు కొట్టేశారు. 1866లో లండన్ చేరింది. ఈ ఎలిజబెత్ అబద్ధాలాడేది. 1878లో థేమ్స్ నదిలో ‘ప్రిన్సెస్ ఆలిస్’ పడవ మునిగి ఆరువందలమందికి పైగా పోయారు. తన భర్త, పిల్లలు అందులోనే పోయారని ఆమె చెప్పుకునేది. భర్త పోయింది 1884లో, మంచం మీద.

అబద్ధాలాడే మనిషి జీవితం రాయడం ఎలా? చాలామంది అబద్ధాన్ని తీసేసి మిగిలింది రాస్తారు. రూబెన్‌హోల్డ్ అబద్ధాన్ని కూడా ఒక వస్తువులా చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూస్తుంది. ఎవరికి చెప్పింది, అప్పుడు ఏం అవసరం, దానివల్ల ఎన్ని షిల్లింగుల సాయం వస్తుంది, ఏం దాచుకోవాల్సి వచ్చింది. ఆ పట్టు చూసి తీరాలి.

ఇక్కడే భాష గురించి ఒక మాట చెప్పాలి. పాత విచారణ కాగితాలు చాలావరకు పోయాయి. మిగిలినవి పత్రికల రిపోర్టులు, అవి ఒకదానికొకటి పొసగవు. కాబట్టి రచయిత్రి చాలాచోట్ల ‘అయి ఉండవచ్చు’ అని రాయాల్సి వస్తుంది. ఇంగ్లిషులో ఆ ఒక్క మాటే ఊహకూ, వినికిడికీ, అనుమానానికీ గొడుగు పడుతుంది. కొన్నిచోట్ల అది ఎక్కువై వాక్యాలు నీళ్లు కలిపినట్టయ్యాయి కూడా. తెలుగులోకి ఈ పుస్తకం తెచ్చేవాళ్లకు ఒక అదృష్టం ఉంది. మనకు ‘అట’ ఉంది, ‘కాబోలు’ ఉంది, ‘ఏమో’ ఉంది, ‘అంటారు’ ఉంది. విన్నదేదో, అనుకున్నదేదో, తెలియనిదేదో ఒక్క మాటతో వేరుచేయగలం. ఆ మాటలను వార్తలు రాసేటప్పుడు ఎందుకు చెరిపేస్తామో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఇంకొకటి, పిలుపు. రచయిత్రి అయిదుగురినీ ఇంటిపేరుతో పిలవదు, ఇంట్లో పిలిచిన పేరుతో పిలుస్తుంది. తెలుగులో ఆ మర్యాద పేరులో కంటే సర్వనామంలో ఉంటుంది. ‘అది’ అనొచ్చు, ‘ఆమె’ అనొచ్చు, ‘ఆవిడ’ అనొచ్చు. నన్నడిగితే కేట్‌కు మా వైపు మాటే సరిపోతుంది: ఆయమ్మ.

కేట్ ఎడోస్ తగరపు రేకు పనివాడి కూతురు, వోల్వర్‌హాంప్టన్‌లో పుట్టి లండన్‌లో ధర్మబడిలో చదువుకుంది. పాటల పుస్తకాలు ఊరూరా తిరిగి అమ్ముకునే థామస్ కాన్వే అనే మాజీ సైనికుడితో వెళ్లిపోయింది. వాడి పేరు మొదటి అక్షరాలు చేతిమీద పచ్చబొట్టు పొడిపించుకుంది. ఆ కాలంలో ఎవరినైనా ఉరితీస్తే ఆ కథ పాటగా కట్టి, అచ్చేసి, ఉరికంబం దగ్గర గుంపులో అమ్మేవాళ్లు. 1866లో స్టాఫర్డ్‌లో ఒక ఉరికి వీళ్లు అలా పాట అమ్మారు. ఉరితీసింది కేట్‌కు దాయాది వరసవాణ్ణి. చావుల మీద పాటలమ్మి బతికిన మనిషి చావు మీద ఇరవై రెండేళ్లకు మళ్లీ లండన్ వీధుల్లో కాగితాలు అమ్మారు. ఈ చోట రచయిత్రి స్వరం ఏమాత్రం పెరగదు. అదే నేను నేర్చుకోవాల్సింది.

1888 సెప్టెంబరులో కేట్, జాన్ కెల్లీ అనే సహచరుడితో కలిసి కెంట్ జిల్లాకు హాప్స్ కోతకు పోయింది. బీరులో వేసే పూలవి. మన వైపు నుంచి కూలీలు మిరప కోతలకు, పత్తి తీతకు పోయినట్టే ఏటా తూర్పు లండన్ పేదలు ఆ కోతకు పోయేవాళ్లు. ఆ ఏడు పంట పోయింది. ఉత్త చేతులతో నడిచి వచ్చారు. కెల్లీ బూట్లు కుదవపెట్టారు, రెండున్నర షిల్లింగులు వచ్చాయి. ముప్పై పెన్నీలు. నాలుగు పెన్నీల మంచం లెక్కన ఒక్కరికి ఏడున్నర రాత్రులు, అదీ తిండి మానేస్తే. సెప్టెంబరు 29 సాయంత్రం కేట్ తాగి రోడ్డుమీద పడిపోయింది. పోలీసులు స్టేషనుకు తీసుకుపోయి పేరడిగితే, పేరేమీ లేదంది. రాత్రి ఒంటిగంటకు మత్తు దిగాక వదిలేశారు. ముప్పావు గంటలో ఆయమ్మ శవం దొరికింది.

పుస్తకం చివర్లో, వాదనలన్నీ అయిపోయాక, రచయిత్రి ఆ ఆడవాళ్ల దగ్గర దొరికిన వస్తువుల జాబితాలు పెట్టింది. ఒక్క మాట వ్యాఖ్యానం లేకుండా, జాబితాలు జాబితాలుగా. పాలీ దగ్గర ఒక దువ్వెన, ఒక చేతిరుమాలు, పగిలిన అద్దం ముక్క. ఆనీ దగ్గర మస్లిన్ గుడ్డ పీలిక, రెండు దువ్వెనలు, చిరిగిన కవరు ముక్కలో రెండు మాత్రలు. కేట్ జాబితా పొడుగు. టీ పొడి ఒక రేకు డబ్బాలో, పంచదార ఇంకో రేకు డబ్బాలో. సబ్బు ముక్కలు ఆరు. సన్నపళ్ల దువ్వెన. తెల్ల పిడి చాకు, చెంచా. ఎర్ర ఫ్లానెల్ గుడ్డలో గుచ్చిన గుండుసూదులు, సూదులు. జనపనార ఉండ. తెల్ల గుడ్డ పీలికలు పన్నెండు. మట్టి చుట్టగొట్టాలు రెండు. ఖాళీ అగ్గిపెట్టె. కళ్లజోడు ముక్క. ఆవాల డబ్బాలో రెండు కుదవ చీటీలు. ఒంటిమీద ఉన్న పావడాలన్నీ ఒకదానిమీద ఒకటి, కాళ్లకు మగవాళ్ల బూట్లు.

ఈ జాబితా నేను చాలాసార్లు చదివాను. ఒక ఇల్లు ఇది. సూదిదారం ఉన్న, టీ కాచుకునే, తల దువ్వుకునే, నెలసరికి గుడ్డలు దాచుకునే ఒక ఇల్లు మొత్తం సంచుల్లో, జేబుల్లో మోసుకు తిరిగిన మనిషి. టీనీ పంచదారనూ వేరువేరు డబ్బాల్లో పెట్టుకున్న మనిషి. కళ్లజోడు ముక్క ఎందుకు దాచుకుందో ఆలోచిస్తే, ఆ ఒక్క అద్దంతోనే సూదిలోకి దారం ఎక్కించేది కాబోలు. ఈ ‘కాబోలు’ నాది, రచయిత్రిది కాదు. ఆ కుదవ చీటీల్లో ఒకటి కెల్లీ బూట్లది. రెండోది కెంట్ నుంచి వస్తుంటే దారిలో కలిసిన ఒక స్నేహితురాలు, చొక్కా కెల్లీకి సరిపోతుంది విడిపించుకోమని ఇచ్చినది. పత్రికలో ఆ చీటీల సంగతి చదివే కెల్లీ స్టేషనుకు పరిగెత్తాడు. పేరేమీ లేదన్న మనిషికి పేరు తెచ్చిపెట్టినవి ఆ రెండు చీటీలే. అంటే ఆ రోజు ఎవరో విలేకరి వస్తువుల్ని వదలకుండా రాశాడు.

మేరీ జేన్ కెల్లీ భాగం చిన్నది. వయసు ఇరవై అయిదు దాకా, మిగిలిన నలుగురూ నలభై దాటినవాళ్లు. లిమెరిక్‌లో పుట్టానని, వేల్స్‌లో పెరిగానని, ఫ్రాన్సు వెళ్లొచ్చానని ఆమె చెప్పినదాంట్లో ఏదీ ఏ దస్త్రంలోనూ దొరకలేదు. దొరకనిదాన్ని అల్లకుండా ఉండటం చూసి నాకు గౌరవం కలిగింది. తన అయిదో భాగం నాలుగింటి పక్కన చిన్నదిగా, కుంటుతూ నిలబడితే నిలబడనీ అనుకుంది ఈ రచయిత్రి.

అన్నిటా ఆమెతో నాకు పొత్తు కుదరలేదు. ఈ అయిదుగురిలో ఎలిజబెత్, మేరీ జేన్ తప్ప మిగిలినవాళ్లు ఒళ్లమ్ముకున్నారనడానికి గట్టి ఆధారం లేదని ఆమె చూపించింది, అది ఒప్పుకుంటాను. మేరీ జేన్ కాక మిగిలినవాళ్లు చాలావరకు వీధిలో నిద్రపోతుండగానే హంతకుడి చేతిలో పడ్డారని ఆమె అన్నది మాత్రం అంత బిగువుగా నిలబడదు. ఎలిజబెత్‌నూ, కేట్‌లా కనబడిన మనిషినీ హత్యకు కొద్ది నిమిషాల ముందు ఒక మగవాడితో నిలబడి ఉండగా చూశామన్న సాక్షులున్నారు. ఆ సాక్ష్యాలను ఆమె ఇంకొంచెం ఓపికగా తూచి ఉండాల్సింది. ఈ కేసు మీదే ఏళ్లు గడిపినవాళ్లు దీనిమీద ఆమెతో పోట్లాడారు, కొందరు మర్యాద కూడా మరిచారు. వాదనలో తేడా ఉండొచ్చు. ఒళ్లమ్ముకున్నారని తేలితే మాత్రం ఆ టీ డబ్బా, ఆ పంచదార డబ్బా వేరే మనిషివి అవుతాయా? ఆ ప్రశ్న దగ్గర నేను రచయిత్రి పక్కనే ఉన్నాను.

పుస్తకం మూసి, అటకమీది నా పాత కటింగుల సంచి దింపాను. శ్రీశైలం రోడ్డు పక్కన దొరికిన ఒక ఆడమనిషి వార్త వెతికాను. దొరికింది. సింగిల్ కాలమ్, నాలుగు లైన్లు. గుర్తు తెలియని మహిళ, సుమారు నలభై అయిదు ఏళ్లు, యాచకురాలని భావిస్తున్నారు. ఆ రోజు పంచనామా దగ్గర నేనున్నాను. కానిస్టేబులు కొంగుముడి విప్పడం చూశాను. అందులో బస్సు టిక్కెట్టు ఒకటి, మందుషాపు చీటీ ఒకటి, ప్లాస్టిక్ కవరులో చుట్టిన చిన్నపిల్లల వెండి మువ్వ ఒకటి. టిక్కెట్టు మీద ఎక్కిన ఊరి పేరు ఉంది. నేను చదివాను. రాయలేదు.